పొదిగే యంత్రం నంబరు ఒకటి

నాటుకోడిని మా సంస్థ కాగితాల్లో 'వర్ణనకు అందని పక్షి' అంటారు. మా పైఅధికారులకు కవిత్వం అబ్బిందేమోనని మీరు పొరబడకండి. జాతి అనే గడిలో, రంగు అనే గడిలో, సగటు బరువు అనే గడిలో రాయడానికి ఏమీ దొరకని కోడి అని దాని అర్థం. ఒకే పెట్ట పొదిగిన పిల్లల్లో ఒకటి నల్లగా, ఒకటి చింతపిక్క రంగులో, ఇంకొకటి మెడ మీద ఈకలే లేకుండా తిరుగుతుంటే ఎవరు మాత్రం ఏమని రాస్తారు? గడిలో ఇమడనిదాన్ని మా సంస్థ సహించదు. పదకొండేళ్లుగా ఆ గడుల్లోనే కాపురం ఉంటున్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

నా పేరు తవిటినాయుడు. కొండప్రాంత జీవనోపాధుల ప్రోత్సాహక సంస్థలో క్షేత్ర సహాయకుణ్ణి. పథకం పైన ఎక్కడో పుడుతుంది, జారి జారి వచ్చి నా నెత్తిన పడుతుంది. నిరుడు పడినదాని పేరు 'గిరి కుక్కుట వికాసం'. జీలుగుగూడలో ఉన్న ముప్ఫై రెండు గిరిజన కుటుంబాలకూ ఇంటికి ఇరవై చొప్పున గిరిశోభ అనే మేలు జాతి కోడిపిల్లల్ని ఉచితంగా ఇస్తారు. పద్దెనిమిది పెట్టలు, రెండు పుంజులు. అవి పెరట్లో తిరుగుతాయి, గుడ్లు పెడతాయి, కుటుంబం పైకి వస్తుంది. జీలుగుగూడలో ఇళ్లన్నీ ఒకదాని గోడకొకటి ఆనుకుని వరసగా ఉంటాయి, ఏ ఇంటికీ పెరడు లేదు. ఆ సంగతి నేను చెప్పబోతే మా డైరెక్టరు ముకుందరావు గారు చెయ్యెత్తి ఆపేశారు. "పెరడు అనేది ఒక భావన, తవిటినాయుడూ" అన్నారు.

పంపిణీ రోజున ఆయన మాట్లాడిన తీరు వినితీరాలి. "సోదర సోదరీమణులారా! ఈ రోజు మీ చేతికి వస్తున్నది కోడి కాదు. రెక్కలు తొడుక్కున్న జీవనోపాధి. దీన్ని సమగ్రంగా, సుస్థిరంగా, భాగస్వామ్య పద్ధతిలో ముందుకు తీసుకుపోవలసిన గురుతర బాధ్యత మీ భుజస్కంధాల మీద ఉంది" అన్నారు. జనం తమ భుజాల వంక చూసుకున్నారు. ముందు వరసలో కూర్చున్న ముసలామె ఒకామె మాత్రం లేచి, "కోడి కాదంతే మరి కూర వొండుకోవొచ్చా బాబూ?" అని అడిగింది.

ఆమె పేరు ఆరిక సింగారమ్మ. భర్త పోయి చాలా కాలమైంది. వరసలో చివరి ఇల్లు. ఇంట్లో ఆమె, ఒక చింతపిక్క రంగు నాటుపెట్ట. పెళ్లినాడు పుట్టింటి నుంచి బుట్టలో తెచ్చుకున్న కోడికి ఇది ఎన్నో తరం మనవరాలో ఆమెకే లెక్క తెలియదు. నలభై ఏళ్లలో ఆ వంశం ఒక్కసారి కూడా తెగలేదట.

పథకానికి ఒక నిబంధన ఉంది. మేలు జాతి రక్తం కల్తీ కాకూడదు కాబట్టి, లబ్ధి పొందే గ్రామంలో వర్ణనకు అందని పక్షి ఒక్కటి కూడా ఉండరాదు. పదిహేను రోజుల్లో ఊరంతా తుడిచిపెట్టి, పక్షులు సున్నా అని క్షేత్ర సహాయకుడు సంతకం చేయాలి. ఈ కబురు చెప్పడానికి నేను భయపడుతూ వెళ్లాను గాని, జీలుగుగూడ జనం దాన్ని పండగలా తీసుకున్నారు. కొన్నిటిని సంతలో అమ్మారు, మిగతావి వండుకున్నారు. నాలుగు రోజులపాటు ముప్ఫై రెండు పొయ్యిల మీదా కోడికూరే. నా సర్వీసులో మా సంస్థను జనం నోరారా మెచ్చుకున్న నాలుగు రోజులు అవే.

సింగారమ్మ పెట్ట మాత్రం అప్పటికి పొదుగు మీద ఉంది. ఆ ఊళ్లో పొదుగు మీదున్న కోడిని తాకరు. దాని బుట్టను ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపరు, మీదుగా దాటరు, ఆ గదిలో గట్టిగా తగువు కూడా పడరు. ఇరవై ఒక్క రోజులూ అంతే. నేను గుమ్మం దగ్గర నిలబడి నిబంధన చదువుతుంటే సింగారమ్మ పెదాల మీద వేలు పెట్టి నన్ను బయటికి తోసేసింది. సరే, ఒక్క పెట్టే కదా అని సున్నా చుట్టి సంతకం పెట్టేశాను. ఆ పొదుగులో లేచిన పిల్లలు ఎదగ్గానే సంతకు పోయాయి. తల్లిని మాత్రం ఆమె ఇవ్వలేదు, నేనూ గట్టిగా అడగలేదు.

ఇక గిరిశోభల సంగతి. పొడుగాటి కాళ్లు, ఎర్రటి ఒళ్లు, చూడముచ్చటైన పిట్టలు. గద్ద నీడ నేల మీద పడితే నాటుకోడి క్షణంలో తుప్పల్లో దూరుతుంది. గిరిశోభ అయితే ఆగి, తల పైకెత్తి, వస్తున్నదెవరో చూస్తుంది. కొన్నిటిని గద్దలు తన్నుకుపోయాయి, కొన్నిటిని అడవిపిల్లి పట్టుకుపోయింది, వానల్లో వచ్చిన కొక్కెర తెగులు సగం ఊరిని ఖాళీ చేసింది. ఆరువందల నలభైలో వంద మిగిలాయి. నివేదికలో నేను 'పక్షులు పరిసరాలతో మమేకమయ్యాయి' అని రాశాను. అందులో అబద్ధమేమీ లేదు.

మాఘమాసంలో కందికొత్త వచ్చింది. కొత్త కందులు కొండ మీద నుంచి దిగినా, అమ్మవారికి కోడిని ఇచ్చేదాకా ఎవరూ నోట పెట్టరు. కోడిని ఊరికే కోసేయడం కాదు. ఎజ్జోడు, అంటే వాళ్ల పూజారి, దాని ముందు గుప్పెడు బియ్యం పోస్తాడు. అది గింజ ముడితేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. ఆ ఏడాది గిరిశోభను తెచ్చి నిలబెట్టారు. పుట్టిందగ్గర్నుంచీ మా సంస్థ సంచుల్లో వచ్చే మేత గుళికలు తిని పెరిగిన పక్షి అది. బియ్యాన్ని మా ఆఫీసువాళ్లు అర్జీని చూసినట్టు చూసి పక్కకు తిరిగింది. మూడు కోళ్లను మార్చారు. మూడూ అంతే. పొద్దు వాలిపోతోంది, దించిన కందులు బుట్టల్లో ఉన్నాయి, పిల్లలు ఏడుస్తున్నారు. చివరికి గెడ్డ అనే వాగు దాటి అవతల ఊరికి పరుగెత్తి, బతిమాలి, ఒక నాటుపుంజును తెచ్చుకున్నారు. "మనూర్లో పుట్టిన కోడి నేక అరువు కోడితోటి కొత్త సేసుకున్నాం. వొచ్చే యేడు ఇలాగయితే నాను గింజలు పొయ్యను" అని ఎజ్జోడు అందరి ముందూ తెగేసి చెప్పాడు. ఆ మాటకు తలెత్తిన మగాడు లేడు.

ఆ పండగ తర్వాత సింగారమ్మ పెట్టకు ఊళ్లో మర్యాద పెరిగింది. అసలు అంతకు ముందు నుంచే దానికి చేతినిండా పని. ఎందుకంటే గిరిశోభ గుడ్డు పెడుతుంది గాని పొదగదు. పెట్టేసి, అది ఇంకెవరిదో అయినట్టు వెళ్లిపోతుంది. 'పొదిగే దుర్గుణం పూర్తిగా నిర్మూలించబడినది' అని మా కరపత్రంలో గొప్పగా వేశారు కూడా. పథకం రెండో మెట్టు ఏమిటంటే లబ్ధిదారులే తరవాతి తరం కోళ్లను తయారు చేసుకోవాలి. పొదగని కోడితో పిల్లల్ని ఎలా లేపాలో కరపత్రంలో లేదు. జనం గుడ్లు పట్టుకుని సింగారమ్మ గుమ్మంలో నిలబడ్డారు. ఆమె రెండుసార్లు అందరి గుడ్లూ కలిపి ఆ పెట్ట కింద పెట్టింది. రెండుసార్లకీ కలిపి ఇరవై మూడు పిల్లలు లేచాయి. ఇరవై మూడూ నేను నివేదికకు ఎక్కించాను.

అదే నా కొంప ముంచింది.

సమీక్షా సమావేశంలో ముకుందరావు గారు ఆ అంకె దగ్గర ఆగిపోయారు. మిగతా ఊళ్లన్నిటిలోనూ రెండో మెట్టు దగ్గర గీత ఉంది.

"తవిటినాయుడూ, ఈ ఇరవై మూడు పిల్లలు ఏ విధంగా ఉత్పన్నమయ్యాయి?"

"పొదిగించారండి."

"గిరిశోభ పొదగదు."

"పొదగదండి."

"మీ గ్రామంలో వర్ణనకు అందని పక్షులు సున్నా."

"సున్నా అండి. నేనే సంతకం చేశాను."

"మరి దేనితో పొదిగించారు?"

సమావేశం అంతా నా వంక చూసింది. పెట్ట అంటే నా ఉద్యోగం పోతుంది. ఏమీ లేదంటే పిల్లలు ఆకాశం నుంచి ఊడిపడ్డాయని చెప్పాలి. "స్థానికంగా లభించే సాధనంతోనండి" అన్నాను.

ఆయన కళ్లు మెరిశాయి. "సాధనం! అంటే యంత్రం! చూశారా, మనం అట్టడుగున ఉన్న గిరిజనుల సృజనాత్మకతను ఎంత తక్కువగా అంచనా వేశామో! గుడ్లు పొదిగే యంత్రాన్ని తయారు చేసుకున్నారయ్యా! దీన్ని వెంటనే ఆస్తుల రిజిస్టరులో నమోదు చెయ్యండి."

అలా సింగారమ్మ పెట్ట మా సంస్థ ఆస్తుల రిజిస్టరులో 'పొదిగే యంత్రం, నంబరు ఒకటి' అయింది. వారంలో నంబరు చెక్కిన అల్యూమినియం బిళ్ల ఒకటి పోస్టులో వచ్చింది. దాన్ని పెట్ట కాలికి కడుతుంటే సింగారమ్మ నడుం పట్టుకుని నవ్వింది.

"మా పెట్ట మిసనయిపోనాదా బాబూ! మిసనయితే ఇంక సోళ్లు తినకూడదేటి?"

"తినొచ్చమ్మా. ఎవరైనా అడిగితే ఇంధనం అని చెప్పు."

యంత్రం అన్నాక సాంకేతిక తనిఖీ ఉంటుంది. యంత్రాల విభాగం నుంచి ఒక ఇంజినీరు గారు వచ్చారు. పల్లెటూరి మనిషే. గుమ్మంలోంచి తల వంచి లోపలికి చూడగానే ఆయనకు విషయం అర్థమైపోయింది. బుట్టలో పెట్ట ఒక గుడ్డును కిందేసుకుని కూర్చుని ఉంది. ఆయన నా వంక చూశారు, నేను గోడ వంక చూశాను. తరవాత ఆయన నిట్టూర్చి సంచిలోంచి ఫారం తీశారు.

"నన్ను పంపింది యంత్రాన్ని చూడమని. ఇందులో కోడి అనే గడి లేదు, తవిటినాయుడు గారూ. ఉంటే రాసేవాణ్ణి."

ఆ తరవాత ఇద్దరం బుద్ధిగా ఫారం నింపాం. సామర్థ్యం: పన్నెండు గుడ్లు. విద్యుత్ వినియోగం: లేదు. ఇంధనం: గుప్పెడు సోళ్లు (రాగులు), చెదలు. గుడ్లు తిప్పే ఏర్పాటు: స్వయంచాలకం. ఉష్ణోగ్రత చూడడానికి ఆయన థర్మామీటరు కిందికి పెట్టబోతే యంత్రం చేతి మీద ఒకటి పొడిచింది. ఆయన వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో 'భద్రతా వ్యవస్థ: సంతృప్తికరం' అని రాశారు. వెళ్లబోతూ సింగారమ్మ ఇచ్చిన చింతపండు పులుసు తాగి, ఎప్పుడో చచ్చిపోయిన వాళ్లమ్మ కూడా ఇలాగే బుట్టలో పొట్టు పోసి పెట్టను కూర్చోబెట్టేదని చెప్పారు. ఆ ముక్క ఫారంలోకి ఎక్కలేదు.

కరెంటు అక్కర్లేని యంత్రం అనేసరికి పైన కలకలం పుట్టింది. ఇక మెమోలే మెమోలు. యంత్రం రోజూ ఇరవై నిమిషాలు గుడ్ల మీద నుంచి లేచి బయటికి పోవడానికి కారణం తెలపండి. యంత్రం పనివేళలు పదింటి నుంచి ఐదింటి వరకు పరిమితం చెయ్యండి. ఇటీవల యంత్రం గ్రామ వీధుల్లో నిరుద్దేశంగా సంచరిస్తున్నట్టు తెలియవచ్చింది, ప్రభుత్వ ఆస్తి దుర్వినియోగం కాకుండా చూడండి. దీనికి మాత్రం, యంత్రం మట్టిలో పొర్లడం నెలవారీ మరమ్మతులో భాగమని జవాబు రాశాను. ఒప్పుకున్నారు.

ఇలా నవ్వుకుంటూ ఉండగానే వానాకాలం వచ్చింది. ఒకనాడు సింగారమ్మ నన్ను పిలిచి ఇంట్లోకి తీసుకెళ్లింది. బుట్టలో పెట్ట కూర్చుని ఉంది.

"ఈసారి ఊరోళ్ల గుడ్డులు ఎట్టనేదు బాబూ. దీని గుడ్డులే. పదకొండు."

"పుంజు ఎక్కడిదమ్మా?" అన్నాను. ఊళ్లో నాటుపుంజు లేదు.

"గెడ్డకి అవతలోడు రోజూ పొద్దున్నే వొచ్చీవోడు" అంది, మనిషి గురించి చెప్పినట్టు.

గెడ్డ అవతల వేరే మండలం. ఆ పుంజు మా సంస్థ పరిధిలోకి రాదు. నేను చర్య తీసుకోదగినది ఏమీ కనపడలేదు.

"ముసిల్దయిపోనాది బాబూ ఇది. యీకలు సూడు, ఎలా రాలిపోతన్నాయో. ఇదే ఆకరి పొదుగు. ఇయ్యి లేస్తేనే మావూరికి కోడి ఉన్నట్టు, లేకపోతే కందికొత్తకి మళ్లీ గెడ్డ దాటి అడుక్కోవాల. నా ఇంట్లో మాయమ్మ కోడి అన్న మాటే ఉండదు." ఆమె చివరి మాట మామూలుగానే అంది గాని చెయ్యి మాత్రం బుట్ట అంచును వదల్లేదు.

సరిగ్గా పద్దెనిమిదో రోజున జీపు వచ్చింది. దాంట్లోంచి ముకుందరావు గారే స్వయంగా దిగారు. చేతిలో పూలదండ, వెనక గుమాస్తా చేతిలో కొబ్బరికాయ. రాజధానిలో రాష్ట్రస్థాయి గ్రామీణ ఆవిష్కరణల ప్రదర్శన. ఎల్లుండే. యంత్రాన్ని నడుస్తున్న స్థితిలో ప్రదర్శించాలి. అందుకని గుడ్లతో సహా తీసుకుపోవడానికి వచ్చారు.

సింగారమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మూడు రోజులు ఆగండి బాబూ. పిల్లలు లేచీగానే నానే ఎత్తుకొని వొస్తాను."

"అమ్మా, ప్రదర్శన తేదీ పైస్థాయిలో ఖరారైంది. దాన్ని మార్చే అధికారం నాకు లేదు."

"దీన్ని మార్చీ అదికారం నాకూ నేదు కదా! పొదుగు మీదున్న పెట్టని కదిపితే గుడ్డులు సల్లబడిపోతాయి. మళ్లీ కూకోదు."

"అందుకే దూదితో పెట్టె తయారు చేయించాం. మొత్తం వాతానుకూలం."

"మనిసి పురిట్లో ఉంటే పెట్టిలో ఎట్టి తీసుకెల్తారా?"

ముకుందరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కోపం వచ్చినప్పుడు ఆయన మరీ మర్యాదగా మాట్లాడతారు. "చూడండమ్మా. ఇది మీ వ్యక్తిగత వస్తువు కాదు. ఆస్తుల రిజిస్టరులో నమోదైన ప్రభుత్వ యంత్రం. మీరు దాని సంరక్షకురాలు మాత్రమే. ఆటంకపరిస్తే పథకం లబ్ధిదారుల జాబితా నుంచి గ్రామం మొత్తాన్ని తొలగించవలసి వస్తుంది. బియ్యం, పింఛను, అన్నీ ఒకే జాబితాకు అనుసంధానమై ఉన్నాయి. తవిటినాయుడూ, యంత్రాన్ని బయటికి తీసుకురా."

ఆ గుమ్మం ఎత్తు మూడున్నర అడుగులు. ఆయన నిలువెత్తు మనిషి, తెల్ల బట్టలు. లోపలికి రారని నాకు తెలుసు. నేను నడుం వంచి లోపలికి వెళ్లాను. సింగారమ్మ నా వెనకే వచ్చి బుట్ట పక్కన చతికిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు. పెట్ట వీపు మీద అరచెయ్యి ఆన్చి నా మొహంలోకి చూసింది. దాన్ని యంత్రం చేసింది నేనే. అది నాకు ఆ క్షణంలో తెలిసినంత బాగా అంతకు ముందు ఎప్పుడూ తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మూలన ఇంకో గంప బోర్లించి ఉంది. దాని కింద ఆమెకు మిగిలిన ఒకే ఒక్క గిరిశోభ. ఎర్రటి ఒళ్లు, పొడుగు కాళ్లు. ఏ పక్షి ఏ జాతిదో చూసి చెప్పడానికే సంస్థ నాకు జీతం ఇస్తోంది. నాటుపెట్ట కాలి బిళ్ల మెల్లగా ఊడదీసి గిరిశోభ కాలికి కట్టాను. సింగారమ్మకు అర్థమైంది. వంటచూరులో దాచుకున్న గిరిశోభ గుడ్లు పది తీసి నా తువ్వాల్లో మూటకట్టి ఇచ్చింది.

బయటికి వచ్చాక ముకుందరావు గారు పక్షిని ఎగాదిగా చూశారు. "ఇదేనా యంత్రం?"

"నంబరు చూసుకోండి సార్."

ఆయన నంబరే చూశారు. ఒకటి. తృప్తిగా దండ వేశారు. గుమాస్తా కొబ్బరికాయ కొట్టాడు. యంత్రం ఉలిక్కిపడి నా చొక్కా పాడుచేసింది. నాకు భయం వేసింది, దానికి మించిన సంతోషం కూడా వేసింది.

సంరక్షకుడిగా నన్ను కూడా రాజధానికి తీసుకుపోయారు. గాజు గది, చుట్టూ దీపాలు, లోపల దూది మీద పది గుడ్లు. పైన 'శూన్య విద్యుత్ గిరిజన సాంకేతికత' అని బోర్డు. యంత్రం మాత్రం గుడ్ల వంక చూడలేదు. పొద్దుటి నుంచి గది చుట్టూ పచార్లు చేసింది. రెండు గుడ్ల మీద కాలు వేసి పగలగొట్టింది. వచ్చినవాళ్లకు ముకుందరావు గారు చెమట తుడుచుకుంటూ, యంత్రం ప్రస్తుతం సన్నాహక దశలో ఉందని చెబుతున్నారు.

సాయంత్రం నాలుగింటికి పెద్దల బృందం వచ్చింది. పదిహేనుమంది, ముందు టీవీ కెమెరాలు. అందరూ గాజుకు మొహాలు ఆనించి చూస్తుండగా యంత్రం ఒక మూల ఆగింది. కాస్త వంగింది. లేచి, కొక్కొక్కొక్కొ అని గది అదిరేలా అరిచింది. దూది మీద ఒక కొత్త గుడ్డు ఉంది.

అయిపోయింది అనుకున్నాను. నా పెన్షను, నా పిల్లల చదువు కళ్లముందు తిరిగాయి.

బృందం మధ్యలో ఉన్న పెద్దాయన మెల్లగా అన్నారు: "గుడ్లు పొదిగే యంత్రం... గుడ్లు కూడా తయారు చేసుకుంటోందా?"

"అవును సార్!" అన్నారు ముకుందరావు గారు. "ముడిసరుకు ఉత్పత్తిలో కూడా స్వయంసమృద్ధి సాధించాం సార్!"

చప్పట్లతో గాజు అదిరింది. ఆ గదిలో ఉన్నవాళ్లలో సగం మందైనా చిన్నప్పుడు కోడిని చూసే ఉంటారు. అయినా ఒక్కరూ ఆ మాట అనలేదు. బోర్డు మీద యంత్రం అని ఉంది మరి. ప్రథమ బహుమతి మాకే. అక్కడికక్కడే ఐదువేల యంత్రాలు తయారు చేయించాలని తీర్మానం. నమూనా కావాలి కాబట్టి యంత్రం నంబరు ఒకటిని లోపలి భాగాల అధ్యయనం కోసం సాంకేతిక సంస్థకు అప్పగించారు. నాకు రసీదు, శాలువా ఇచ్చి బస్సెక్కించారు.

మర్నాడు మధ్యాహ్నం జీలుగుగూడ దారిలో, ఫోను పలికే చివరి బండ దగ్గర ముకుందరావు గారి కాల్ వచ్చింది. "తవిటినాయుడూ, సాంకేతిక సంస్థవారు యంత్రాన్ని విప్పి చూశారు. తిరిగి బిగించడం సాధ్యపడలేదట. అత్యవసరంగా ఇంకొకటి పంపాలి. గ్రామాల్లో ఈ తరహా యంత్రాలు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో ఇంటింటికీ తిరిగి రాసుకుని రా. ఫారం పంపాను. పిల్ల యంత్రాలు ఉన్నా సరే, వదలొద్దు."

బండ దిగాను. దూది పెట్టెలో వెళ్లింది గిరిశోభ కాకపోయి ఉంటే? ఆ ఆలోచనను అక్కడే ఆపేసి గబగబా నడిచాను. సింగారమ్మ ఇంటి గుమ్మం ముందు ఊరు సగం పోగై ఉంది. నన్ను చూసి దారి ఇచ్చారు గాని ఎవరూ నవ్వలేదు. వంగి లోపలికి వెళ్లాను. చీకట్లో, బుట్ట మీద కప్పిన పాత చీరముక్క కింద నుంచి సన్నగా, తెరలు తెరలుగా కీచుకీచుమన్న చప్పుడు వస్తోంది.

"ఎన్నమ్మా?" అన్నాను.

సింగారమ్మ చీరముక్క తీయలేదు. నా భుజాన ఉన్న సంచీలోంచి బయటికి కనిపిస్తున్న కాగితాల వంక చూస్తోంది.

"బాబూ, నీ మీద నాకు కోపం నేదు. కానీ నువ్వు రాసిన కోడి ఒక్కటీ బతకనేదు. పథకం కోళ్లు రాసినావు, పోనాయి. అవి ఎట్టిన గుడ్డుల్లో లేచిన పిల్లల్ని రాసినావు, అయ్యీ పోనాయి. మొన్న జీపెక్కిందాన్ని రాసినావు, అది మళ్లీ రాదని మాకెరుకే. ఇయ్యి రాయకు బాబూ. నీకు దండం ఎడతాను."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "రాయనమ్మా. ఒట్టు" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. నమ్మాలనే ఉన్నట్టుంది. అయినా చెయ్యి చాపి నా జేబులోంచి పెన్ను తీసి, లేచి వెళ్లి, గోడగూట్లో వెనక్కి తోసి పెట్టింది.

"ఎల్లీటప్పుడు ఇస్తాను" అంది.

అప్పుడు గాని బుట్ట మీద చీరముక్క తీయలేదు.